తాంబూలంలో మాత్రల డబ్బా

నిన్న మా పై ఫ్లాటు సుభద్రగారు వచ్చి, నాకు బొట్టు పెట్టి, "రేపు శుక్రవారం సాయంత్రం పేరంటానికి తప్పకుండా రావాలండీ" అని పిలిచారు. బొట్టు పెట్టి పిలిచాక వెళ్లకుండా ఎలా ఉంటాం? బెజవాడ ఉక్కలో పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను.

హాల్లో అమ్మవారి పటం పక్కనే టీవీలో మోకాలి ఎముక బొమ్మ కనిపించింది. సుభద్రగారి ఆడపడుచు చల్లపల్లి నుంచి వచ్చి, గంటసేపు తమ కంపెనీ అమ్మే కాల్షియం గురించీ, చేపనూనె గురించీ చెప్పింది. లేచి వచ్చేద్దామంటే ఇంకా పసుపు కుంకుమ ఇవ్వలేదు. అవి తీసుకోకుండా గుమ్మం ఎలా దాటను?

చివరికి తాంబూలం వచ్చింది. ఆకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, వాటి కింద రోజూ వేసుకోవాల్సిన ఆ కంపెనీ మాత్రల డబ్బా.

"నాకు విటమిన్ డి ఒక్కటి చాలని డాక్టరుగారు చెప్పారండీ. ఇవన్నీ వద్దు," అన్నాను.

"శుక్రవారం పూట తాంబూలం వద్దంటారా ఎవరైనా?" అన్నారు సుభద్రగారు. "తీసుకోండి. మీరూ ఓ ముగ్గురికి బొట్టు పెట్టి పిలుద్దురుగాని."

పేరంటానికి వచ్చిన మిగతా ఏడుగురూ నా వంకే చూస్తున్నారు. కొంగు పట్టాను.

ఇప్పుడా డబ్బా మా వంటింట్లో ఉంది. మింగాలంటే భయం. తాంబూలంలో వచ్చింది కాబట్టి పారేయాలన్నా భయమే. ఇందాకే ఆవిడ ఫోన్ చేసి, ఆ ముగ్గురూ ఎవరని అడిగారు.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. మా వీధివాళ్లు మాత్రం, నా చేతిలో కుంకుమ భరిణె కనిపిస్తే తలుపు తీయకండి.