‘పగుళ్లు’తో మొదలయ్యే అడ్రసు

సాస్తి బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా ఇళ్ల లైన్‌లో వంటగిన్నెలు మోగుతాయి. గోడలు ఎప్పుడో పగిలాయి. ఆ సంగతి పేరు పెట్టి రాసే ధైర్యం ఎవరికీ లేదు, ప్రతి ఇంట్లో ఒకరు ఆ గనిలోనే పని చేస్తారు మరి. మా బాపు అక్కడ మట్టి తవ్వే షావెల్ యంత్రం ఆపరేటరు. అందుకే, రాసినవాళ్లెవరో నాకు కూడా తెలియని సైటు ఒకటి పెట్టాలనుకున్నాను.

అలాంటి సైటు అడ్రసంటే యాభై ఆరు అక్షరాల అర్థం లేని వరుస. చూస్తేనే మా లైన్ ఆడవాళ్లు ఫోను పక్కన పడేస్తారు. కనీసం మొదట్లోనైనా తెలిసిన మాట ఉండాలంటే, కంప్యూటరు కోట్ల కొద్దీ అడ్రసులు పుట్టించి ఆ మాటతో మొదలయ్యేదాన్ని ఏరాలి. నాకు ‘పగుళ్లు’ కావాలి. ఇంగ్లిషులో ఏడక్షరాలు. ఒక్కో అక్షరానికి పని ముప్పై రెండింతలవుతుంది! చంద్రపూర్‌లో గేముల దుకాణం ఎత్తేస్తుంటే రెండు పాత గ్రాఫిక్స్ కార్డులు తెచ్చి మొదలుపెట్టాను. అబ్బ, ఏం వేడి! అసలే మే నెల.

బాపు కూలర్‌ని వాటివైపు తిప్పేశాడు. అమ్మ ఊరుకుంటుందా?

"మనుషులు చెమటల మునుగుతుంటే డబ్బాకు గాలి పెడ్తున్నవా?"

"ఊకో, ఇంకింత తవ్వితే తగుల్తది," అన్నాడు బాపు. మట్టి తీసేకొద్దీ బొగ్గు దగ్గరపడాలి, ఆయనకు తెలిసిన లెక్క అదే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆయన ముఖం చూడాలి!

"అయ్యో బిడ్డా, గింత తవ్వినంక మల్ల మొదటికొచ్చిందా?"

"ఏం పోలే బాపూ. ఇది తవ్వుడు కాదు, చీటీ తీసుడు. ప్రతిసారి కొత్తదే."

"గట్లెట్ల? గిన్ని తీసినంక దగ్గరికి రాకుంటదా?"

ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. కరెంటు రాగానే స్టూలు వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. సాయంత్రం నేను టీ పెడుతుంటే ఆయన వేసిన కేకకు ఉలిక్కిపడి పాలు పొంగనిచ్చేశాను. దొరికింది! ముగ్గురం చిన్నపిల్లల్లా గెంతాం. అమ్మయితే కూలర్ గొడవే మరిచిపోయింది.

సైటు నాదని బయట ఎవరికీ చెప్పలేదు. క్యూఆర్ కాగితం ఒకటి అందరూ నీళ్లు పట్టే నల్లా పక్క గోడకు అతికించి, మామూలు బ్రౌజరులో తెరుచుకోదు కాబట్టి ఏ బ్రౌజరులో తెరవాలో కింద రాశాను. మొదటి కబురు వచ్చింది.

"మా గోడ సుత పగిలింది. పిల్ల ఊయల దాని కిందనే ఉంది. మాయనకు తెల్వద్దు."

మర్నాడు నల్లా దగ్గర ఎప్పటి ఆడవాళ్లే, ఎప్పటి మాటలే. చంటిపిల్లల తల్లులు ముగ్గురు నలుగురున్నారు. ఎవరో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. వాళ్లలో ఒకామె నా బిందె ఎత్తి నా నడుమున పెట్టింది. ఆమె ముఖంలోకి చూడకుండా ఇంటికొచ్చేశాను.