కాజాలే మిగిలాయి

మా వీధి దర్జీని అందరూ కాజాల మామయ్య అనేవారు. వెనకాలే కాదు, ముఖం మీదే అనేవారు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. కాజా అంటే బొత్తాం దూరడానికి చొక్కాకు కుట్టే కన్నం. చొక్కా అంతా పూర్తయ్యాక చిట్టచివర పడేది అదే. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా ఆయన దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: "అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి." ఆ మాట అనే సమయానికి మన గుడ్డకు కత్తెర గాలి కూడా సోకి ఉండదు.

ఒకసారి మా బడి వార్షికోత్సవానికి నేను వేసుకోవలసిన పాంటు ఆ మధ్యాహ్నం దాకా కాజాల దశలోనే ఉండిపోయింది. చివరికి వెనక నడుం దగ్గర కుట్టు వేసే తీరిక లేక గుండుసూదులు గుచ్చి ఇచ్చాడు. "కూర్చోకండి మాస్టారూ, అంతే" అన్నాడు. ముఖ్య అతిథి స్వయంగా కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చున్నాను. పిల్లల పాటకు మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నారని బడిలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

పాము కాళ్లు పాముకే తెలుస్తాయంటారు కదా, ఇతరుల వాగ్దానాలను ఆయన ఇట్టే పట్టేసేవాడు. మా సైన్యం సముద్రం అవతల ఎవరిదో యుద్ధంలో దిగి అప్పటికి నాలుగేళ్లు. వానలు పడేలోపు మన పిల్లల్ని వెనక్కి పిలిచేస్తానని దేశాన్నేలే పాత పెద్దాయన అన్నాడు. వానలు పడ్డాయి. ఓట్లలో ఆయన పోయి కొత్త పెద్దాయన వచ్చాడు, వంద రోజులన్నాడు. నూటొకటో రోజున, ఆ వంద ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో తేల్చడానికి ఒక సంఘం వేశాడు.

దుకాణంలో బీరువా మీద ఒక చిన్న టీవీ ఉండేది. పెద్దాయన అందులో కనబడగానే మామయ్య మిషన్ ఆపేసేవాడు.

"ప్రక్రియ తుది దశలో ఉంది" అనేవాడు పెద్దాయన.

"కాజాలే మిగిలాయట!" అనేవాడు మామయ్య.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లమంతా పగలబడి నవ్వేవాళ్లం. బడి వదిలాక నేను అక్కడికి వెళ్లేది సగం ఈ నవ్వు కోసమే. మా అందరిలోకీ గట్టిగా నవ్వేది నేనే. ఈ విషయం ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

ఒకరోజు, మామయ్య చిన్నప్పటి నుంచి పెంచిన మేనకోడలు గుడ్డ పట్టుకుని వచ్చింది. బస్‌స్టాండులో విచారణ కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. "బయల్దేరిందండీ, వచ్చేస్తోంది" అని రోజంతా జనానికి చెప్పే పని. ఈ గుణం తమ వంశంలోనే ఉందని మామయ్య వేళాకోళం చేసేవాడు. ఆమె భర్త ఆ యుద్ధంలోనే ఉన్నాడు. అతను వెళ్లేటప్పటికి కడుపులో ఉన్న పాపకు ఇప్పుడు రెండేళ్లు.

"మామయ్యా, ఇరవై రెండుకల్లా చొక్కా కావాలి. ఇరవై మూడున ఆయన వస్తున్నారు."

"ఎవరు చెప్పారే? టీవీయా?"

"టీవీలోనూ చెప్పారు. ఫోన్లో ఆయనా అన్నారు."

"ఏమన్నాడు? వస్తున్నానన్నాడా, పంపిస్తారంటున్నారు అన్నాడా?"

ఆమె చేతిలోని గుడ్డ మడత సర్దింది. "పంపిస్తారంటున్నారు అన్నారు."

"అదీ! ఈసారి తేదీ కూడా వేశాడు మీ పెద్దాయన. నేనూ వేస్తాను తేదీలు. కావాలంటే మాస్టారి పాంటుని అడుగు."

అందరం నవ్వాం. ఆమే నవ్వింది. నవ్వుతూనే గుడ్డ విప్పి బల్ల మీద పరిచింది. లేత నీలం మీద సన్నటి తెల్ల గీతలు, రెండుంపావు మీటర్లు. "పాప ఆయన్ని ఫోటోల్లో యూనిఫారంలో తప్ప చూడలేదు మామయ్యా. యూనిఫారం వేసుకున్నవాళ్లు ఎవరు కనబడినా నాన్నా అంటోంది. మొన్న బస్సు కండక్టర్ని కూడా అంది. ఆయన మామూలు చొక్కాలో ఉండగా పాపని ఎత్తుకుని ఒక్క ఫోటో తీయించాలి. అంతే నా కోరిక."

కొలత కోసం ఒక పాత చొక్కా కూడా ఇచ్చి వెళ్లింది. మామయ్య రెండిటినీ మడిచి పై అరలో పెట్టాడు. సుద్దముక్క తీయలేదు.

ఆ తర్వాత ఆమె డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగేది. "అయిందా మామయ్యా?"

"అయిపోయిందమ్మా, కాజాలే మిగిలాయి."

మూడోసారి విన్నాక నేను ఉండబట్టలేక అడిగాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించాడు.

"అతను రాడు మాస్టారూ. గుడ్డగా ఉంటే పాపకి రెండు గౌన్లవుతాయి. చొక్కా చేసి ఇచ్చామనుకోండి, అది గోడకి వేలాడుతూ అమ్మాయి వంక చూస్తూనే ఉంటుంది. ఎందుకొచ్చిన బాధ?"

ఎంత బాగా ఆలోచించాడో అనుకున్నాను. పైగా తలూపాను.

ఇరవై మూడు ఉదయం పది గంటలకు అతను వచ్చాడు.

ఆ వేళ బడికి సెలవు కావడంతో నేను దుకాణంలోనే ఉన్నాను. ముందు ఆమె లోపలికి వచ్చింది. ఆమె చంకలో పాప. వెనక యూనిఫారంలో, మెడ దగ్గర కాలరు వదులై, ఎండిపోయిన మనిషి. వెనక్కి పిలిచిన మాట నిజమేనట. కాకపోతే ఇంటికి పంపుతామని పెద్దాయన ఎప్పుడూ అనలేదట. ఆ యుద్ధంలో నుంచి తీసి, ఉత్తరాన ఇంకో సరిహద్దుకు పంపుతున్నారు. దారిలో ఒక్క పూట ఇల్లు చూసుకోమన్నారు. సాయంత్రం నాలుగింటికి లారీ.

ఇదంతా అతను చెబుతుంటే, ఆమె మాత్రం వెలుగుతున్న ముఖంతో బల్ల మీదికి చెయ్యి చాచింది.

"కాజాలే కదా మామయ్యా మిగిలింది? ఇలా ఇచ్చేయండి. నేనే చేత్తో కుట్టుకుంటాను."

మామయ్య నా వైపు చూశాడు. నేను టీవీ వైపు చూశాను. అది ఆపేసి ఉంది. ఆయన స్టూలు ఎక్కి పై అరలోంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. కొన్న కొట్టు వాళ్లు వేసిన మడత వేసినట్టే ఉంది, చీటీ కూడా ఊడలేదు.

ఆమె ఆ చీటీ మీద వేలు పెట్టింది.

"టీవీని నమ్మకపోతే పోనీ మామయ్యా," అంది మెల్లగా. "చెప్పింది నేను కదా."

అతనే కల్పించుకున్నాడు. "పోనీలే. అక్కడ మాకూ రెండేళ్ల నుంచి కాజాలే మిగిలాయంటున్నారు."

ఈ వేళాకోళం అక్కడిదాకా ఎలా చేరిందో! ఆమే ఫోన్లో చెప్పి ఉంటుంది. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

మామయ్య టేపు అందుకున్నాడు. పాత చొక్కా మెడ పదిహేనున్నర, మనిషి మెడ పద్నాలుగు. ఆయన పెదవి కొరుక్కుని గీతలు గీశాడు, కత్తిరించాడు, మిషన్ ఎక్కాడు. ముప్పై ఏళ్లలో ఆయన అలా కుట్టడం నేను చూడలేదు. నేను దారాలు తుంచాను, కాలరు ఇస్త్రీ చేయబోయి వేలు కాల్చుకున్నాను. మామయ్య భార్య ఇంట్లోంచి భోజనం పంపితే ఆయన ముట్టుకోలేదు. చేతులు పడ్డాయి, కాలరు పడింది, జేబు పడింది. ఆమె గోడ గడియారం కింద కూర్చుంది. పాప నాన్న బూటు లేసులు విప్పుతోంది.

మూడూ పది అయ్యేసరికి చొక్కా బల్ల మీద ఉంది. మామయ్య సూదిలో దారం ఎక్కించాడు. ముందు వైపు ఆరు కాజాలు, చేతులకు రెండు. ఒక్కోదానికి పది నిమిషాలు. ఫోటో స్టూడియో వీధి చివర, లారీ ఆగే చోటు ఊరి చివర.

"అమ్మాయీ," అన్నాడు. ఆ పైన చెప్పలేకపోయాడు. కాజాలే మిగిలాయన్న ఆయన మాట నిజమైంది ఆ ఒక్కరోజే, పైకి అనలేకపోయిందీ ఆ ఒక్కరోజే.

ఆమెకు అర్థమైంది. తనే గుండుసూదుల డబ్బా అందుకుని, అతనికి చొక్కా తొడిగి, ముందు వైపు వరసగా గుచ్చింది. చేతులు పైకి మడిచింది. "ఊపిరి గట్టిగా తీసుకోకు నాయనా" అన్నాను, అనుభవం కొద్దీ. పాపను అతను సూదులకు కాస్త దూరంగా, పక్కకు ఎత్తుకున్నాడు. మామూలు చొక్కాలో నాన్నను చూసి పాప ఏడ్చింది. ఫోటో ఏడుపుతోనే పడింది.

లారీ ఎక్కేముందు అతను చొక్కా విప్పి మామయ్య చేతిలో పెట్టాడు. "కాజాలు కుట్టి ఉంచండి. వచ్చాక వేసుకుంటాను."

మర్నాడు మామయ్య మరే పనీ ముట్టుకోలేదు. ఎనిమిది కాజాలూ చేత్తో కుట్టాడు, నాకు తెలిసి అంత అందమైన కాజాలు ఆయన ఎప్పుడూ కుట్టలేదు. ఇస్త్రీ చేసి మేనకోడలి ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి, కోపమేమీ లేకుండా, "మీ దగ్గరే ఉంచండి మామయ్యా" అందట. పెంచినవాడితో కోపం లేకుండా మాట్లాడటం కంటే పెద్ద శిక్ష ఉండదు.

చొక్కా ఇప్పటికీ దుకాణంలోనే ఉంది, ప్లాస్టిక్ కవరులో, టీవీ పక్కన మేకుకు. ఆమె ఇప్పటికీ ఆ గుమ్మం ముందు నుంచే వెళ్తుంది, పలకరిస్తుంది. అయిందా అని మాత్రం అడగదు. మొన్న పెద్దాయన మళ్లీ కనబడి ఉత్తర సరిహద్దు నుంచి కూడా పిలిచేస్తామన్నాడు, చర్చలు కొలిక్కి వచ్చాయన్నాడు. బల్ల దగ్గర కొత్తగా చేరిన ఒకాయన అలవాటు ప్రకారం మామయ్య వైపు చూశాడు, ఇప్పుడేమంటాడా అని. మామయ్య మిషన్ ఆపలేదు.

ఆ పెద్దాయన మాట నేను ఇప్పుడూ నమ్మను. అయినా నవ్వు రాలేదు.

పోయిన వారం కొత్త పాంటు గుడ్డ ఇచ్చాను. "గురువారం మూడింటికి రండి" అన్నాడు మామయ్య. వెళ్లాను. నడుం దగ్గర రెండు వరసల కుట్టుతో సహా సిద్ధంగా ఉంది. ఇంటికి వచ్చి వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. ఎక్కడా గుచ్చుకోలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను.