ఎడమపక్క నువ్వు సూడు!

అప్పట్లో నేను పుంగనూరు-కుప్పం బస్సులో కండక్టర్‌ని. వేరుశనగ చేలకు మందు చల్లడానికి మదనపల్లెకు రెండు చిన్న విమానాలొచ్చాయి. ఒక పైలట్ మా కుప్పం ఆయనే. బతిమాలితే ఓ ఉదయం ఎక్కించుకున్నాడు.

"ఏమి అడ్డమొస్తాందో చెప్పే మిషను దీంట్లో లేదప్పా. కుడిపక్క నేను సూస్తా, ఎడమపక్క నువ్వు సూడు" అన్నాడు.

నేనేమో కింద కురబలకోట గొర్రెల్ని చూస్తూ మైమరచిపోయాను. తలెత్తేసరికి ఎడమవైపు నుంచి రెండో విమానం మా మీదికే వస్తోంది! రోజూ బస్సు ఆపించే మాటే నోటికొచ్చింది. తలుపు దబదబా బాదుతూ "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచాను.

ఆయన చటుక్కున విమానాన్ని కిందికి దించాడు. రెండోది మా నెత్తిమీదుగా దూసుకుపోయింది.

దిగాక ఆయన పడీపడీ నవ్వాడు. "ఆడ యాడ నిలిపేదప్పా?"

హోల్డాన్ అనగానే బస్సు ఆగడం ఎంత భాగ్యమో నాకు ఆరోజే తెలిసింది.