సోఫా మీద మా ఖోలీ

"ఇంట్లోనే ఉండండి" అని పక్కవాడికి నీతి చెప్పేముందు, ఆ ఇంట్లో అతను కాళ్లు చాపుకునే చోటుందా అని మీరు ఎప్పుడైనా అడిగారా?

సూరత్‌లో నేను మరమగ్గం నడిపిన రోజుల్లో మా ఖోలీలో, అంటే అద్దె గదిలో, ఒక ఏర్పాటుండేది. పగటి పాళీవాళ్లు పనికి పోగానే రాత్రి పాళీవాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకునేవాళ్లు. లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగాయి. రెండు పాళీలూ ఒకేసారి గదిలోకి వచ్చిపడ్డాయి. సగంమంది పడుకోవాలంటే మిగతా సగం నిలబడాలి. సరిగ్గా అప్పుడే మా బామ్మర్దికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. విడిగా పడుకోబెట్టే చోటులేక వాడిని బయట మెట్ల మీద ఉంచాం. గోడకు తల ఆనించి కూర్చునే నిద్రపోయేవాడు.

మేముండే డిండోలి పేటలో మా సందు మొదట్లో పెళ్లిళ్లకని కట్టిన మునిసిపాలిటీ హాలు తాళం వేసి ఉండేది. తాళంచెవి అక్కడి నాయకుడి దగ్గర. వెళ్లి అడిగితే, "పైనుంచి ఆర్డరు రావాలి" అన్నాడు. ఆ హాలు నెత్తిమీదే ఆయన హోర్డింగు! పైన పొడవాటి సోఫాలో ఓ చివర నవ్వుతున్న ఒక కుటుంబం, కింద చేతులు జోడించి ఆయన. "ఇంట్లో ఉండండి, దూరం పాటించండి" అని గుజరాతీలో హితబోధ.

"సోఫా ఖాళీగనే ఉన్నది గద బావా," అన్నాడు మా బామ్మర్ది మెట్ల మీంచి దగ్గుతూ. "మనోళ్లను గూసోవెట్టుండ్రి."

అంతే! గదిలో పనికిరాని చీరగుడ్డలు మూటలకొద్దీ ఉన్నాయి. నిలువెత్తు మనుషులను, అంటే మమ్మల్ని మేమే, కత్తిరించుకున్నాం. పూల చీరలు లుంగీలయ్యాయి, నల్ల అంచులు మీసాలయ్యాయి.

"ఏయ్, నా పొట్ట గింతనా? జర తగ్గియ్!"

"తగ్గిచ్చినంకనే గింతున్నది!"

పొద్దున పాలకోసం బయటికి వదిలే వేళ నిచ్చెన వేశాం. మాలో పెద్దవాడైన కాకా అడ్డం పడ్డాడు.

"రాహుకాలం పోనియ్యిండ్రి."

నాకు ఒళ్లు మండింది. "వైరస్‌కు రాహుకాలం ఉంటదా కాకా?"

"దానికి లేదుర, నిచ్చెనకున్నది. మొన్న గిదే యాళ్లకు ఎక్కితె మెట్టిరిగింది."

మెట్టు విరిగింది చెద పట్టినందుకే తప్ప గ్రహాల వల్ల కాదని నేను కార్యకారణ సంబంధం మొత్తం వివరిస్తూ ఉండగా, విసుగెత్తి ఆయనే ముందు ఎక్కేశాడు.

మగ్గం మనుషులకు తెలిసిన జిగురు గంజే. దండిగా పూసి అందరినీ సోఫాలో ఇరికించాం. ఫ్లెక్సు గంజిని పీల్చుకోదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు, ఇంత హేతువాదినైన నాకూ తట్టలేదు. ఎండెక్కేసరికి మా గుడ్డమనుషులు ఒక్కొక్కరే సోఫాలోంచి జారడం మొదలుపెట్టారు. పూల లుంగీ గుడ్డ కాకా దిగివచ్చి, బొమ్మలోని నాయకుడి మెడకు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాడు. ఇంకొకడు ఆయన జోడించిన చేతుల మీద తలపెట్టి పడుకున్నాడు.

మేడలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. ఇన్నాళ్లూ పక్కింటి దగ్గు వింటేనే కిటికీ మూసుకున్న జనం, ఊచలు పట్టుకుని వేలాడుతూ నవ్వారు. ఫోటోలు నాయకుడికి చేరాయి. మధ్యాహ్నానికల్లా కారు దిగి గర్జించాడు.

"కిస్‌నే కియా యే? ఉతారో నీచే!" ఎవడు చేశాడిది, కిందికి దించండి అని.

కాకా వినయంగా దండం పెట్టాడు. "గదిలో జాగా లేదు సాబ్, అందుకే మీ మీద కూర్చున్నాం" అని తన హిందీలో విన్నవించుకున్నాడు. ఆపైన, "హాల్ ఖోలో సాబ్, అభీ ఉతార్‌తే!" హాలు తెరిస్తే ఇప్పుడే దించేస్తామని.

నాయకుడు తలెత్తి తన బొమ్మ మెడ మీది లుంగీని చూసుకున్నాడు. మేడల మీద మళ్లీ నవ్వు. మాస్కు పైకి లాక్కుని ఎవరికో ఫోన్ చేశాడు. పైనుంచి ఏ ఆర్డరూ రాకుండానే తాళం ఊడింది.

హాలు నడిమధ్యన చాప పరిచి మా బామ్మర్దిని పడుకోబెట్టాం. వాడు రెండు కాళ్లూ బారుగా చాపి, కాసేపటికి బిక్కమొహం వేశాడు.

"బావా, గింత జాగల ఒక్కన్ని పండాలంటె భయమైతుంది. తలుపుకాడ నిలవడి ఏమన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలెరా?"

"నీ ఉపన్యాసమేదన్న షురూ జెయ్యి. జల్ది నిద్రొస్తది."

మొదలుపెట్టాను. మొదటి వాక్యానికే గురకపెట్టాడు.

మీ వార్డులోనూ జనం డబ్బుతో కట్టి తాళం వేసిన భవనం ఒకటి ఉంటుంది. దాని పక్క సందులోనే కూర్చుని నిద్రపోతున్న మనిషీ ఉంటాడు. మొక్కులు ఆపండి, దండాలు ఆపండి. రేపు పొద్దున్నే నలుగురిని వెంటబెట్టుకుని ఆ గుమ్మం ముందుకు వెళ్లండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో గట్టిగా అడగండి. తెరిచేదాకా అక్కణ్ణుంచి కదలకండి.