ప్రొఫెసరమ్మను చూడవచ్చిన గొర్రెలు

పొద్దున టీలో చక్కెర వేయడం మరిచారు. అడిగితే వినేవాళ్లు లేరు. సూర్యాపేట కాలేజీలో చదువు చెప్పే మా మనుమరాలు స్వరూప ప్రొఫెసర్ అయిందని ఇల్లంతా సంబరం. ఆ హుషారులో, నెట్‌లో దొరికిందంటూ ఒక పాత రికార్డింగ్ వినిపించింది. మా పెన్‌పహాడ్ వైపు సాయంత్రం గొర్రెలను పిలిచే కేక అది.

"తాతా, గీ కేక ఇప్పుడు ఎవ్వరికీ రాదు. ఖతమైంది. గిదే రాస్తున్న నేను."

"అట్లనా బిడ్డా?" అన్నాను. అదే కేక వేసే, చనిపోయిన మా ముసలమ్మ గొంతు చెవిలో మోగింది.

సాయంత్రం స్వరూప వీడియోలో పెద్ద సార్లతో మాట్లాడుతుంటే పక్కింటి మంద మా వాకిట్లోకి దూరింది.

"తాతా! ఇవెందుకొచ్చినయ్?"

"ప్రొఫెసరమ్మను సూడనీకి!"

మీ ఇళ్లలో ఇలాంటి కేకలు ఇంకా ఎవరికైనా వచ్చా? చెప్పండి, మా పిల్ల రాసుకుంటుంది. ముసలమ్మ కేకతోనే రోజూ ఆ గొర్రెలను పిలిచి తుమ్మకాయలు వేస్తాను. ఇవాళ కాయలు లేకుండానే పిలిచాను.