తమ్ముడి సాక్ష్యం

ఇంగ్లీషు పరీక్షలో రాత పేపరు గట్టెక్కకపోతే ఒమన్‌లోని సలాలాలో నా నర్సు ఉద్యోగం ఊడినట్టే. వ్యాకరణం బట్టీ పట్టలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. నా అవస్థ చూసి మా వార్డు ఇన్‌చార్జి, మలయాళీ సిస్టర్, శుక్రవారం ఆరాధన అయ్యాక ఇంగ్లీషు నేర్పడానికి తన గదికి రమ్మనేది. సెలవు ఆ రోజే కాబట్టి ఇక్కడ మాకు శుక్రవారమే ఆదివారం. ఒక వారం బయట ఖరీఫ్ తుంపర, అంటే ఇక్కడి వానాకాలపు జల్లు, పడుతోంది. చిన్ననాటి సంగతి ఒకటి రాయమంది.

ఇంకేం గుర్తొస్తుంది నా మొహానికి? చిన్నప్పుడే పోయిన తమ్ముడు గుర్తొచ్చాడు. వాడి కథ నాకు కంఠతా వచ్చు. మా నాన్న ఊళ్లో పాస్టరు. తమ్ముడు పోయాక అమ్మ నన్ను సంఘం ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించేది. బాబుకి జబ్బు చేసింది, నాన్నగారు ఉపవాసముండి ప్రార్థించారు, ప్రభువు వాణ్ణి ప్రేమించి తన దగ్గరికి పిలుచుకున్నాడు, దేవునికి స్తోత్రం. అందరూ ఆమెన్ అనేవాళ్లు. అమ్మ కళ్లు తుడుచుకుని నిటారుగా కూర్చునేది. ఆ నాలుగు మాటలే ఆవిడకి దిక్కు. వాటినే ఇంగ్లీషులో దించేశాను.

సిస్టర్ కూడా భక్తిపరురాలే. చదివి, ప్రసంగం బాగుందిగానీ ఇందులో పిల్లవాడేడీ అంది. ఏం జబ్బు, ఎవరేం చేశారు, నువ్వేం చూశావు, అదే చిన్న చిన్న వాక్యాల్లో రాయమంది. నాకు ఒళ్లు మండింది. మా ఇంటి సంగతి తవ్వడానికి ఈవిడెవరు? అయినా పెన్ను తీశాను.

వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. అమ్మ లోపలి గదిలో వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆటో కోసం ఎదురుచూస్తోంది. ఆటో వచ్చింది. నాన్న గేటు దగ్గరే దాన్ని తిప్పి పంపించేశాడు. ఆసుపత్రికి పోతే విశ్వాసం లేనట్టే అన్నాడు. లోపలికొచ్చి ఆటో దొరకలేదని అమ్మతో చెప్పాడు. నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. తెల్లారకముందే వాడు చనిపోయాడు.

ఇప్పుడు అలాంటి పిల్లలకి నా చేత్తోనే సెలైన్ పెడుతుంటాను. సాయంత్రానికి లేచి బిస్కెట్లు అడుగుతారు. అది తలుచుకుంటే నాన్న మీద ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. కానీ అమ్మకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ సాక్ష్యం కూడా లాగేసుకుంటే ఆవిడకి ఏం మిగులుతుందని భయం.

సిస్టర్ కాగితం చదివి నా చేతికి తిరిగిచ్చింది. ఈసారి పాసవుతావని మాత్రం అంది.

గదికొచ్చేసరికి అమ్మ ఫోను. క్లాసులో ఏం రాశావని ఎప్పటిలాగే అడిగింది. తమ్ముడి గురించి అన్నాను. ముచ్చటపడి, తెలుగులో చెప్పమంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రాసిందే మొదటినుంచీ చెప్పుకుంటూ పోయాను. ఆటో దాకా వచ్చి ఆగిపోయాను.

"చెప్పు" అంది అమ్మ.

చెప్పేశాను.

"ఆ ఆటో చప్పుడు నేనూ విన్నానే" అంది అమ్మ. "ఆ సాక్ష్యం పట్టుకుని వేలాడకపోతే ఈయనతో ఇన్నేళ్లు కాపురం ఎలా చేసేదాన్ని?"

నాన్న వస్తున్నట్టున్నారని ఫోను పెట్టేసింది.