ఆ జర్మన్ సినిమా మీద కాగితం రాసింది నేను

నెల రోజుల్లో మూడు ఉత్తరాలు, అవి చాలవన్నట్టు ఫోనులో లెక్కలేనన్ని సందేశాలు పంపినా ఇంతవరకు నాకు సరైన జవాబిచ్చిన నాథుడు లేడు కనుక, సైక్లోస్టైలు సిరా వాసన ఎరిగిన నా ఈడువాళ్ళయినా వింటారని ఇది రాస్తున్నాను.

మయూర్ విహార్‌లో మా ఫ్లాట్ల కింద ఉన్న హాల్లో కొందరు తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నెలకో పాత సినిమా వేస్తుంటారు. ఈసారి ఒక విచిత్రమైన జర్మన్ దర్శకుడు, నిప్పుకణికలాంటి తన నటుడితో తీసిన సినిమా వేస్తున్నామంటూ, నలభై ఏళ్ళనాటి పరిచయపత్రం ఒకటి ఫొటో తీసి అందరికీ పంపారు. దాని కింద రచయితగా మా తోడల్లుడి పేరు వేశారు. మా ఆవిడ అక్కభర్త అన్నమాట. ఇప్పుడు గురుగ్రామ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు, ఆ అమ్మాయే నాన్న పెట్టెలో దొరికిందని ఇచ్చిందట. అది రాసింది నేను. నా జీవితంలో ఫైళ్ళమీద నోటింగులు కాక నేను రాసిన మంచి పేజీ అదొక్కటే. పేరు మార్చమని ఆ నిర్వాహకుడికి ఉత్తరాలు రాసి, ఎదురుపడి చెబితే, "అచ్ఛా అంకుల్, చెక్ చేస్తాం" అన్నాడు. అంతే.

అప్పట్లో మేమిద్దరం ఇక్కడే, రాజధానిలో, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలం. తెలుగువాళ్ళం కొందరం కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ నడిపేవాళ్ళం, దానికి మా తోడల్లుడు కార్యదర్శి. ప్రదర్శనకు ముందు సభ్యులందరికీ ఒక పేజీ పరిచయం పంచడం మా ఆనవాయితీ. ముందురోజు సినిమా చూసినవాడు రాయాలి, దాని కింద ఎవరి పేరూ ఉండకూడదు. తోడల్లుడి దస్తూరి గుండ్రంగా ఉండేది కనుక సైక్లోస్టైలు మైనపుకాగితం మీద అందరి రాతలూ ఆయనే ఎక్కించేవాడు. పేరు వద్దన్న నియమం పెట్టిందీ ఆయనే. ఎందుకు పెట్టాడో నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఆ జర్మన్ జంట గురించి విన్నప్పటినుంచీ నాకు వాళ్ళమీద చెప్పలేని మమకారం. స్టూడియోలో అడవి వెయ్యడం చేతకాక కాదు, నమ్మకం లేక, ఆ దర్శకుడు మనుషుల్ని నిజమైన అడవుల్లోకి, నిజమైన బురదలోకి తీసుకుపోయేవాడు. ఆ నటుడు కాఫీ చల్లారిందని కూడా ఊరు లేచిపోయేలా అరిచేవాడనీ, పని మధ్యలో వదిలేసి పోతానని బెదిరించేవాడనీ చెప్పుకునేవారు. ఒకరినొకరు చంపుకుంటామన్నంత పని చేసి, మళ్ళీ ఇద్దరూ కలిసి ఇంకో సినిమా తీసేవారు. కెమెరా ముందు ఆ నటుడు మెల్లగా తల తిప్పి చూస్తే, ఈ మనిషి తనకు జరిగిన ఒక్క అవమానమూ మరిచిపోలేదని తెలిసిపోయేది. అందుకే అతను నాకు నచ్చాడు. దర్శకుడి సంగతి వేరు. కావాలనే అతన్ని రెచ్చగొట్టి, ఆ కోపాన్ని ఫిల్ముకెక్కించి, తర్వాత ఏమీ ఎరగనట్టు భోజనానికి పోయేవాడని నా అనుమానం. అయినా అంత కోపాన్ని వృథా పోనివ్వకుండా పట్టి దాచినవాడు అతనొక్కడే.

సినిమా ఐదు రీలు డబ్బాల్లో వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం అద్దె హాల్లో నేనూ తోడల్లుడూ ఇద్దరమే చూశాం. మాటలు తక్కువ, నది ఎక్కువ. నటుడు ఉన్నట్టుండి తనవాళ్ళమీద గంగవెర్రులెత్తి విరుచుకుపడతాడు, ఆ తర్వాత ఎంతోసేపటికి గాని వాళ్ళు అతన్ని చూసి నవ్విన సన్నివేశం రాదు. బండకు కొట్టుకుని ముక్కలైన పడవ మళ్ళీ నీళ్ళమీద నిక్షేపంగా తేలుతుంది. నేను పులకరించిపోయాను. అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీనులో పప్పూ గోంగూరా కలుపుకుంటూనే, కోపం కారణం కోసం కాచుకుని కూర్చోదనీ, ఈ దర్శకుడు దాన్ని కనిపెట్టాడనీ, ఆ పడవ జ్ఞాపకంలోని పడవనీ చెప్పుకుపోయాను. తోడల్లుడు, "మజ్జిగ పోసుకోవోయ్, పడవ ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ సాయంత్రమే రాసి ఇచ్చాను.

మర్నాడు నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. విదేశీ సినిమా అనగానే సభ్యులు కానివాళ్ళు ఎగబడేవారు, కార్డులు చూసే వంతు ఎవరికి వెయ్యాలో కార్యదర్శి ఇష్టం. సినిమా అయ్యాక నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి, అతిథిగా వచ్చిన ఒక ఆచార్యులవారు నా కాగితం పైకెత్తి, ఇది రాసిందెవరని అడుగుతున్నారు. నేను నోరు తెరిచేలోగా ముందు వరుసలోంచి తోడల్లుడు లేచాడు. "నేనేనండీ." హాలంతా గొల్లుమంది, చప్పట్లు కూడా వినబడ్డాయి. నేను కార్డుల కట్ట అక్కడే పారేసి ఇంటికొచ్చేశాను. సొసైటీ మానేశాను, ఆ సినిమా మళ్ళీ చూడలేదు, పెళ్ళిళ్ళలో కూడా ఆయనతో పొడిపొడిగానే మాట్లాడాను.

మొన్న ఆదివారం, నా రచనేనని రుజువు చేద్దామని పెన్నూ కాగితమూ పట్టుకుని హాల్లో ముందు కూర్చున్నాను. తెరమీద ముందు వాళ్ళు నవ్వారు, ఆ తర్వాత నటుడు విరుచుకుపడ్డాడు. పడవ తేలింది, ఆ తర్వాత బద్దలయింది. సినిమా తలకిందులుగా అతికించారని నేను లేచి గొడవ చేస్తే, నిర్వాహకుడు ఫోనులో వెతికి చూసి, "నహీ అంకుల్, ఆర్డర్ ఇదే. మొదట్నుంచీ ఇదే" అన్నాడు. కూర్చుండిపోయాను. అంటే ఆ మధ్యాహ్నం మాకు మూడో డబ్బాకు ముందు నాలుగోది వేశారు, మర్నాడు సభ్యులకు మాత్రం సరైన వరసలోనే వేసి ఉంటారు. నేను పొగిడిన గొప్పతనమంతా ప్రొజెక్టర్ నడిపేవాడి పరధ్యానం.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, ఆవిడ బీన్స్ తరగడం ఆపకుండానే, "ఆ రోజు బావగార్ని ఆ ఆచార్యులెవరో అందరి ముందూ పావుగంట ఉతికారట కదా. సినిమా చూడకుండా రాశావా అన్నారట. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదని అక్క చెప్పింది" అంది.

"నలభై ఏళ్ళు నాకెందుకు చెప్పలేదే?"

"ఆయన పేరెత్తితే చాలు లేచిపోయేవారు. ఎవరికి చెప్పను, గోడకా?"

వాళ్ళక్క కల్పించి చెప్పిందేమోనని రెండు రోజులు ఆలోచించాను. అలా అని కొట్టిపారెయ్యడానికి వీల్లేకుండా ఉంది.

ఇప్పుడు సినిమాలు డబ్బాల్లో రావు, వరస తప్పవు. హాల్లో ఉన్న పదిమందీ అయిపోగానే ఎవరి ఫోను వాళ్ళు తీశారు, ఒక్కరూ ఒక్కరితో పోట్లాడలేదు. ఒక పేజీ రాతకోసం నిండు సభలో ఒక మనిషిని పావుగంట నిలబెట్టి కడిగేసే రోజులు బహుశా ఇక రావు. ఆ రోజుల్లో ఒకటి నాది, దాన్ని నేను గేటు బయట పోగొట్టుకున్నాను.

అందుకని అన్నయ్యగారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. సినిమా మొదలైన అరగంటకే మీరు కునుకు తీస్తారని సొసైటీలో అందరికీ తెలుసు. ఆ రోజు కునుకు తీసి, మెచ్చుకోలు వస్తుందనుకుని లేచారా? లేక మెలకువగా ఉండి, నా తప్పు మీ కళ్ళారా చూసి, ఆ చీవాట్లు నామీద పడకూడదని లేచారా? మొదటిదైతే మీరు దొంగ. రెండోదైతే ఇంకా పెద్ద దొంగ, ఎందుకంటే ఆ చీవాట్లు నావి, నన్నడగకుండా తీసుకునే హక్కు మీకు లేదు. ఆ కాగితం తప్పుతో సహా నాది. ఆ రోజు మీరు మెలకువగా ఉన్నారా, లేదా? నేను గురుగ్రామ్ రావడానికైనా సిద్ధమే, ఈసారి మీ నోటితో చెప్పండి.